ఊమా వంటింటికి ఇంకో పేరు లేదు

“నాలుగు కిలోలు చాలు,” అన్నాడు హెన్నింగ్.

ఫల్దీలా చేతిలో సీసం దిమ్మలు గుచ్చిన బెల్టు అలాగే ఉండిపోయింది. ఆవిడ అతను తొడుక్కున్న సూటుకేసి చూసింది. మెడ నుంచి మడమల దాకా చిటికెన వేలంత మందాన నల్ల రబ్బరు. అంత రబ్బరు ఒంటిమీద వేసుకున్నవాడు మునగాలంటే నడుముకి పన్నెండు కిలోల సీసమైనా ఉండాలి. లేకపోతే సముద్రం వాణ్ణి లోపలికి రానివ్వదు. ఈ సంగతి తన దగ్గర ఈత నేర్చుకుంటున్న అరవై ఏళ్ళ ముసలమ్మలకి కూడా తెలుసు.

“పన్నెండు పెట్టుకోండి సార్. ఇక్కడి నీళ్ళు చల్లన, సూటు మందం.”

“చూడండీ, నేను పదిహేనేళ్ళుగా డైవింగ్ చేస్తున్నాను. ఎర్ర సముద్రం, జాంజిబార్, మొజాంబిక్, ఎక్కడైనా నాలుగే కట్టుకున్నాను. నా లెక్క నాకు తెలుసు.”

“అవన్నీ వెచ్చటి నీళ్ళు కదా సార్. అక్కడ బనీనంత సూటు వేసుకుంటే సరిపోతుంది.”

“నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే,” అని నవ్వేశాడాయన.

బండలకి అవతల ట్రక్కులోంచి గాలి సిలిండర్లు దించుతున్న బూటా ఇస్మాయిల్‌కి ఆ మాట వినపడింది. వరసకి ఫల్దీలాకి పెద్దన్న. వాళ్ళ పేటలో పెద్దన్నని బూటా అనే పిలుస్తారు. పళ్ళు రెండు ఊడినా నోరు మాత్రం ఊరుకోదు.

“సార్ మాట ఎందుక్కాదంటావే ఫల్దీ? నాలుగంటే నాలుగే కట్టు. సముద్రం ఏమంటుందో అదీ చూద్దాం.”

ఫల్దీలా పళ్ళు బిగించుకుని నాలుగే కట్టింది. ఇంకెవరైనా అయితే అక్కడే కడిగేసేది. ఈయన్ని మాత్రం మంచి చేసుకోవాలి.

ఎందుకంటే హెన్నింగ్ లౌరెన్స్ మామూలుగా వచ్చినవాడు కాదు. జొహానెస్‌బర్గ్‌లో ఓ పెద్ద టూరు కంపెనీ వాళ్ళు ఆఫ్రికా ఖండం చుట్టూ ఉన్న సముద్రాల్లో మునిగి చూడాల్సిన పన్నెండు చోట్లు ఏరి పుస్తకం వేస్తున్నారు. ఏరే పని ఈయనది. పదకొండు ఏరేశాడు, దాదాపు అన్నీ వెచ్చటి నీళ్ళే. చల్లటి నీళ్ళకంటూ మిగిలింది ఒకే ఒక్క పేజీ. ఆ పేజీకి పోటీ రెండు చోట్ల మధ్య. ఒకటి రేవులోని బోటు కంపెనీ వాళ్ళు తీసుకెళ్ళే సీల్ జంతువుల దీవి. రెండోది ఈ బండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన చిన్న కయ్య, ఫల్దీలా జనాన్ని దింపే చోటు.

ఆ పేజీ తనకి కావాలి. అలా ఇలా కాదు, నెలరోజులుగా నిద్రపట్టనంతగా కావాలి. వారమంతా బడి ఈతకొలనులో పిల్లలకి కాళ్ళు ఆడించడం నేర్పి, శని ఆదివారాలు మాత్రం ఇక్కడికి వస్తుంది. ఆ పుస్తకం చేతపట్టుకుని జనం రావడం మొదలైతే ఇంక రోజూ సముద్రంలోనే బతకొచ్చు. అది ఒక ఆశ. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. ఈ చోటు పేరు అచ్చులో చూడాలని.

పటంలో దీని పేరు విట్‌కూంబ్ కోవ్. ఎవడా విట్‌కూంబ్? నౌకాదళంలో ఓ కెప్టెనట, రెండు వేసవులు తన పడవ ఇక్కడ కట్టుకున్నాడట. రెండంటే రెండు వేసవులు! అంతకు ముందు వంద ఏళ్ళ నుంచీ, పైన కొండ వాలులో కాపురమున్న ఆడవాళ్ళు ఆటు వచ్చినప్పుడల్లా గంపలు పట్టుకుని దిగి, బండల మీది ఆల్చిప్పలు గీరి, ఇక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి వండి పిల్లలకి తినిపించారు. అమ్మమ్మని వాళ్ళు ఊమా అంటారు. అందుకని ఇది ఊమా వంటిల్లు. యాభై ఏళ్ళ కింద సర్కారు ఓ కాగితం తీసి, ఈ సైమన్స్‌టౌన్ ఊరు ఇకనుంచి తెల్లవాళ్ళది, మిగతావాళ్ళు సామాన్లు సర్దుకోండి అంది. కుటుంబాలకి కుటుంబాల్ని లారీలెక్కించి కొండ అవతల దింపేసింది. దింపిన పేటకి ఏం పేరు పెట్టారో తెలుసా? ఓషన్ వ్యూ. సముద్రం లాక్కుని, పేరు మాత్రం చేతిలో పెట్టారు. ఆ మాట తలుచుకుంటే ఫల్దీలాకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆవిడ పుట్టింది ఆ పేటలోనే.

సరే, హెన్నింగ్ నీళ్ళలోకి దిగాడు. మాస్కు సర్దుకున్నాడు, నోట్లో గాలి గొట్టం పెట్టుకున్నాడు, తేలడానికి తొడుక్కున్న గాలి చొక్కాలోంచి గాలి వదిలాడు, తల కింద పెట్టి దర్జాగా మునిగాడు. తల మునిగింది. మిగతాది మునగలేదు. రెండు కాళ్ళూ, నడుమూ నీటి పైన ఆకాశంలోకి లేచి గిలగిలా కొట్టుకున్నాయి. కాళ్ళు దించితే తల పైకొస్తుంది. తల దించితే కాళ్ళు పైకొస్తాయి. పదిహేనేళ్ళ అనుభవం బెండులా తేలుతోంది.

బండ మీద దుప్పటి పరుచుకుని టీ ఫ్లాస్కుతో కూర్చున్న ఆంటీ గదీజా చూసి చూసి ఇంక ఆపుకోలేకపోయింది. ఆవిడకి అరవై ఒకటి. మూడేళ్ళ కిందటి దాకా మోకాళ్ళ లోతు దాటి సముద్రంలోకి దిగని మనిషి, ఇప్పుడు ఫల్దీలా నేర్పిన తొమ్మిదిమంది ఆడవాళ్ళలో అందరికన్నా మొండిది.

“ఏమే ఫల్దీ, ఆయన లోపలికి పోతున్నాడా, పైకి పోతున్నాడా?”

“ఊరుకో ఆంటీ, వినపడుతుంది.”

“తల లోపలుందిగా, ఏం వినపడుతుంది!” అంది గదీజా. బూటా ఇస్మాయిల్ సిలిండరు మీద చెయ్యి వేసి నవ్వలేక చచ్చాడు.

ఆరు నిమిషాలు పెనుగులాడి హెన్నింగ్ ఒడ్డుకి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. ఎవరికేసీ చూడలేదు.

“సూటు కొత్తది. కొంచెం తేలుతోంది,” అన్నాడు.

“కొత్తవి అంతే సార్,” అంది ఫల్దీలా మర్యాదగా. గదీజా తను మునిగేటప్పుడు కట్టుకునే సీసం బెల్టు తెచ్చి ఇచ్చింది. అందులో ఎనిమిది కిలోలున్నాయి. హెన్నింగ్ దాన్ని తన నాలుగు కిలోల మీద కట్టుకున్నాడు.

ఈసారి మునిగాడు.

కింద వేరే లోకం. చెట్టంత ఎత్తున పెరిగే కెల్ప్ నాచు బండల్ని పట్టుకుని నిలువునా లేచి, పైన ఆకులు పరిచి ఉంటుంది. ఎండ ఆ ఆకుల సందుల్లోంచి పచ్చగా కిందికి దిగుతుంది. ఫల్దీలా ముందు, అతను వెనక. నీళ్ళు పన్నెండు డిగ్రీలు, నుదురు కాసేపు పగిలిపోతుందేమో అనిపించి, ఆ తరవాత మొద్దుబారుతుంది. ఒకచోట అతని కాలికున్న రబ్బరు రెక్కకి నాచు కాడ చుట్టుకుంది. వెచ్చటి నీళ్ళ మనిషికి ఈ బాధ కొత్త. గింజుకున్నాడు. గింజుకున్నకొద్దీ ఇంకో రెండు కాడలు పట్టుకున్నాయి. పిక్కకి కట్టుకున్న కత్తి తీశాడు.

ఫల్దీలా అతని మణికట్టు పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపింది. కదలకుండా ఉండమని అరచెయ్యి చూపించి, కిందికి దిగి, కాడలు ఒక్కొక్కటే పక్కకి తోసింది. ఆ నాచుని కొయ్యడం ఆవిడ ఒప్పుకోదు. చిక్కుకున్నవాడు ఆగితే అదే వదిలేస్తుంది. హెన్నింగ్ రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, కాని ఆగాడు. కత్తి ఒరలో పెట్టేశాడు.

ఆ తరవాత అతను మారిపోయాడు. తొందర తగ్గింది. బండ కింద ముడుచుకున్న సిగ్గు సొరని ఫల్దీలా చూపించింది. జానెడు సొర, మనిషిని చూడగానే వలయంలా చుట్టుకుని తోకతో కళ్ళు మూసుకుంటుంది. హెన్నింగ్ దాని ముందు ఇసుక మీద మోకాళ్ళు వంచి, అది తోక తీసేదాకా కదల్లేదు. తీసిన తరవాత ఫల్దీలాకేసి తిరిగి రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్నాడు. అతని మీద ఉన్న చిరాకంతా ఆవిడకి అక్కడే కొంచెం కరిగింది. ఈ చోటుని ఇష్టపడ్డవాణ్ణి ద్వేషించడం ఆవిడకి చేతకాదు.

నలభై రెండు నిమిషాలకి, తల పైన ఆకులు పక్కకి తోస్తూ, ఇద్దరూ చెయ్యెత్తి పైకి వచ్చారు.

“ఇదే!” అన్నాడు హెన్నింగ్, నోట్లోంచి గొట్టం తీసీ తియ్యకుండానే. “ఇదేనండీ! సీల్ దీవీ వద్దు ఏం వద్దు. చల్లటి నీళ్ళ పేజీ మీదే!”

ఫల్దీలాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్కు తియ్యలేదు, ఎవరికీ కనపడకూడదని. ఒడ్డున బూటా ఇస్మాయిల్ ఈల వేశాడు. గదీజా డబ్బా మూత తీసి, కొబ్బరి కోరు చల్లిన కూసిస్టర్లు, అదే పాకంలో ముంచిన తీపి బూరెలు, అతని చేతిలో రెండు పెట్టింది.

“తిను నాయనా, పెదాలు నీలంగా అయిపోయాయి.”

అతను టీ తాగుతూ సంచిలోంచి కాగితం తీశాడు. కంపెనీ ఫారం. సగం అప్పటికే టైపు చేసి ఉంది. ఫల్దీలా భుజం మీదుగా వంగి చదివింది. చోటు: విట్‌కూంబ్ కోవ్. తీసుకెళ్ళేవారు: రేవులోని బోటు కంపెనీ పేరు.

“ఇదేంటి సార్?”

“అదా... చూడండీ, కంపెనీకి పెద్ద సంస్థలతోనే ఒప్పందం ఉంటుంది. బీమా, కాగితాలు, అవన్నీ. వాళ్ళు మిమ్మల్ని గైడుగా పెట్టుకుంటారు, నేను మాట్లాడతాను. మీకు నష్టం ఉండదు.”

“నా దగ్గరా బీమా ఉంది. కాగితాలూ ఉన్నాయి. ట్రక్కులో ఉన్నాయి, తెమ్మంటారా?”

హెన్నింగ్ ఫారం మడిచాడు. “సరే, గైడు సంగతి చూద్దాం. మార్పించొచ్చు.”

“మరి పేరు?”

“ఏం పేరు?”

“ఈ చోటు పేరు. ఊమా వంటిల్లు.”

“ఓ, అదా! మీ వాళ్ళు అలా అంటారని బ్రాకెట్లో వేద్దాం. ఎంత ముచ్చటగా ఉంటుంది! కాని అసలు పేరు పటంలో ఉన్నదే వెయ్యాలి కదా.”

ఫల్దీలా కప్పు కింద పెట్టింది. అంతవరకు కష్టపడి పట్టుకున్న మర్యాద ఇంక పట్టు తప్పింది.

“అసలు పేరా? మీ జాబితా నాకు చూపించారు కదా పొద్దున. మ్నెంబా, తోఫో, సోద్వానా. ఆ పేర్లెవరు పెట్టారు? అక్కడ పుట్టినవాళ్ళు పెట్టారు. వాటిని బ్రాకెట్లో వేశారా?”

“అవి పటంలో అలాగే ఉన్నాయి.”

“అవును, వాళ్ళనెవరూ పటంలోంచి గెంటెయ్యలేదు. మమ్మల్ని గెంటేశారు. గెంటేసినవాళ్ళే పటం గీశారు. ఆ పటం చూపించి, మీ పేరు లేదమ్మా అంటే నేనేం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలా?”

“మీరు కోప్పడుతున్నారు,” అన్నాడతను.

“ఇప్పుడే మొదలెట్టాను!”

బూటా ఇస్మాయిల్ గొంతు సవరించుకున్నాడు. “ఫల్దీ, ఒక్కమాట. పేజీ చేతికొచ్చింది కదే. పేరు తరవాత చూసుకోవచ్చు.”

“తరవాత ఎప్పుడు బూటా? యాభై ఏళ్ళయింది. ఇంకా ఎంత తరవాత?”

బూటా మళ్ళీ సిలిండర్ల దగ్గరికి వెళ్ళాడు. హెన్నింగ్ ఆ సంభాషణ ముగిస్తే చాలనుకున్నవాడిలా సంచిలోంచి తన డైవింగ్ పుస్తకం తీశాడు. మునిగేవాళ్ళందరికీ ఒకటుంటుంది. మునిగిన ప్రతిసారీ అందులో ఓ పేజీ. చోటు పేరు, లోతు, నిమిషాలు, వెంట వచ్చిన గైడు తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. అది లేకపోతే ఆ మునక మునకే కాదు, ఎన్ని సొరలు చూసినా సరే. పైగా కంపెనీ వేసే పుస్తకంలో ప్రతి చోటు పక్కనా ఈ పేజీ ఫొటో వేస్తామని, రచయిత నిజంగా మునిగాడని చదివేవాళ్ళకి నమ్మకం కలగడానికని, పొద్దున హెన్నింగే గొప్పగా చెప్పాడు.

“ఇది మాత్రం రాసివ్వండి. మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం,” అంటూ కలం అందించాడు.

ఫల్దీలా పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చోటు అన్న దగ్గర పెద్ద పెద్ద అక్షరాలతో ఊమా వంటిల్లు అని రాసింది. లోతు తొమ్మిది మీటర్లు. నలభై రెండు నిమిషాలు. నీళ్ళు పన్నెండు డిగ్రీలు. కింద సంతకం, పక్కన తన గైడు నంబరు. తిప్పి అతనికి ఇచ్చింది.

హెన్నింగ్ చదివి పెదవి కొరుక్కున్నాడు.

“ఇది కొట్టేసి మళ్ళీ రాయగలరా? ఫారంలో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంటే బాగుండదు.”

“కొట్టేస్తే సంతకం కూడా కొట్టేసినట్టే. అప్పుడు మీరు ఇక్కడ మునగనట్టే.”

“మిసెస్ ఫల్దీలా, అర్థం చేసుకోండి. ఇలా అయితే ఆఫీసు ఒప్పుకోదు. చల్లటి నీళ్ళ పేజీ సీల్ దీవికి వెళ్ళిపోతుంది. మీరే పోగొట్టుకుంటారు.”

పోగొట్టుకుంటానని ఫల్దీలాకి తెలుసు. నెలరోజుల నుంచీ కట్టుకున్న ఆశలన్నీ కళ్ళ ముందు కదిలాయి. సోమవారం మళ్ళీ ఆ ఈతకొలను, ఆ క్లోరిన్ మందు వాసన, ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం.  అయినా పుస్తకం వెనక్కి తీసుకోలేదు.

“పోనీండి. మీకు ఎంచుకోవడానికి ఖండమంతా ఉంది. వెచ్చటివి కావాలంటే వెచ్చటివి, చల్లటివి కావాలంటే చల్లటివి. మాకున్నది ఇదొక్కటే. దీన్ని వేరేవాడి పేరుతో మీకు ఇవ్వను.”

గాలి దుప్పటి అంచుని లేపుతోంది. హెన్నింగ్ పుస్తకం మూయబోయాడు. అప్పుడు గదీజా బండ మీంచి దిగి వచ్చి, చెయ్యి చాపింది.

“అదిలా ఇవ్వు నాయనా. సాక్షి సంతకానికి చోటుంది కదా?”

చోటుంది. ఒడ్డున ఉండి చూసినవాళ్ళు పెట్టొచ్చు. గదీజా కళ్ళజోడు తగిలించుకుని, కలాన్ని గుప్పిట పట్టి, నెమ్మదిగా తన పేరు రాసింది. కింద చిరునామా గడి ఉంటే అదీ నింపింది. ఇంటి నంబరు, వీధి పేరు రాసి పుస్తకం తిరిగి ఇచ్చింది.

హెన్నింగ్ చూశాడు. మళ్ళీ చూశాడు.

“మీరు ఓషన్ వ్యూలో కదా ఉండేది?”

“ఉండేది అక్కడ. ఇల్లు ఇది.”

“కాదండీ... ఈ నంబరు... ఇది నేను దిగిన గెస్ట్ హౌస్. పైన, మెట్ల పక్కది.”

“అవును, తెల్ల గోడ. మా కాలంలో పసుపు పచ్చగా ఉండేది,” అంది గదీజా. “ఏ గది ఇచ్చారు? సముద్రం వైపుదా?”

“అవును.”

“కిటికీ గడియ పడుతోందా?”

హెన్నింగ్ తల తిప్పి పైన తెల్ల గోడకేసి చూశాడు. ఫల్దీలా అతని మొహమే చూస్తోంది.

“పడటం లేదు,” అన్నాడు చివరికి. “రాత్రంతా టపటపా కొట్టుకుంది. తువ్వాలు కుక్కాను.”

“మా అమ్మ కూడా గుడ్డే కుక్కేది. శనివారం బాగుచేస్తానే అనేవాడు మా నాన్న. లారీ శుక్రవారం వచ్చింది.”

గదీజా ఏడవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని డబ్బాలో మిగిలిన కూసిస్టర్లు లెక్క చూసుకుంటోంది. ఫల్దీలాకి మాత్రం దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. మూడేళ్ళ నుంచీ ఈ మనిషికి ఈత నేర్పుతూ, ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు.

హెన్నింగ్ ఫారం బండ మీద పరిచాడు. ఎగిరిపోకుండా ఓ చేత్తో అదిమి పట్టుకున్నాడు. టైపు చేసి ఉన్న కెప్టెన్ పేరు మీద గీత గీశాడు. గట్టిగా గీశాడు, కాగితం చిరిగింది. పైన ఊమా వంటిల్లు అని రాశాడు. బోటు కంపెనీ పేరు మీద కూడా గీత గీసి ఫల్దీలాకేసి చూశాడు.

“మీ పూర్తి పేరు?”

“ఫల్దీలా అరెండ్సే.”

రాశాడు. రాసి, కలం మూత పెట్టి, పెద్ద ఊపిరి వదిలాడు.

“నేనైతే ఇలాగే పంపుతాను. కాని నిజం చెప్పాలి కదా. పైన నాకన్నా పెద్దవాళ్ళున్నారు. వాళ్ళు దీన్ని కొట్టేసి మళ్ళీ పాత పేరే వెయ్యొచ్చు.”

“కొడితే కొట్టనీ,” అంది ఫల్దీలా. “అప్పుడు మా ఇళ్ళు ఖాళీ చెయ్యమన్న కాగితం మీద సంతకం పెట్టింది ఎవడో మావాళ్ళకి ఈనాటికీ తెలియదు. ఈసారి తెలియాలి. కొట్టేసినవాడి పేరూ, వాడి ఆఫీసు అడ్రసూ నాకు పంపండి. మేం తొమ్మిదిమంది ఆడవాళ్ళం రబ్బరు సూట్లు వేసుకుని, సీసం బెల్టులు కట్టుకుని వచ్చి వాడి గుమ్మంలో కూర్చుంటాం. లేపమనండి చూద్దాం.”